కాసిని పురుగుల్ని ఉండనివ్వండి

మిద్దె మీద నాలుగు కుండీల్లో వంగ, బెండ, ఇనుప చువ్వల పందిరి మీద బీర, చిక్కుడు పెంచుకునే కుటుంబాలు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నాల్లో ఇప్పుడు బాగా పెరిగాయి. ‘మిద్దె తోట’ అన్న మాట వాడుకలో స్థిరపడింది. దాని మీద పుస్తకాలొచ్చాయి, ఆదివారం సంచికల్లో శీర్షికలొచ్చాయి. ఎందుకు పెంచుతున్నారని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: మందు కొట్టని కూర తినడానికి. కానీ చిక్కుడు తీగ చివుళ్ళ మీద నల్లగా పేనుబంక కనబడిన మరుక్షణం ఆ మనుషులే అడిగే మొదటి ప్రశ్న, ‘‘దీనికి ఏం కొట్టాలి?’’ రసాయనాలంటే పడనివాళ్ళు వేపనూనె అంటారు, సబ్బునీళ్ళంటారు, పుల్లమజ్జిగ అంటారు, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం అంటారు. సీసా మారింది గానీ చెయ్యి మారలేదు. దీనికి తోడు ఈమధ్య ఇంకో మంచి సలహా ప్రచారంలోకి వచ్చింది. తోటకు మేలు చేసే జీవుల్ని పిలవండి, వాటి పని అవి చేసుకుపోతాయి అని. పక్షులకు మూకుడులో నీళ్ళు పెట్టండి, పిచ్చుకలకు గూడు కట్టండి, గట్టు మీద బంతి నాటండి. సలహాలో తప్పేమీ లేదు. అయితే అందులోని అసలు షరతును ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. వచ్చే అతిథి మనం కట్టిన గూడు చూసి రాదు, విస్తట్లో ఏముందో చూసి వస్తుంది. ఆ విస్తట్లో ఉండాల్సింది మనం చంపాలనుకుంటున్న పేనుబంకే. పురుగు లేని తోటలోకి పురుగుల్ని తినేవి రావు, వచ్చినా నిలవవు. ఇంటి తోటకు ప్రకృతి సాయం కోరుకునేవాళ్ళు నీళ్ళకూ గూళ్ళకూ ముందు ఇవ్వాల్సింది, కాసిని పురుగులు బతకడానికి అనుమతి.

ఇందులో జాలికి చోటు లేదు, ఉన్నదంతా లెక్కే. పేనుబంక తల్లి మగదాని అవసరం లేకుండా, గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లల్ని కంటుంది. మన వాతావరణపు వెచ్చదనంలో ఆ పిల్ల వారం పదిరోజుల్లో తానూ తల్లి అవుతుంది. దాన్ని తినే అక్షింతల పురుగుది అంత తొందర కాదు. పేనుబంక గుంపు ఎక్కడుందో వెతుక్కుని వచ్చి, ఆకు అడుగున పసుపుపచ్చని గుడ్లు పెట్టి, అవి మూడు నాలుగు రోజుల్లో పగిలి, పిల్లలు ఆకలి మీద తిండికి దిగేసరికి ఎంత లేదన్నా వారం గడుస్తుంది. అంటే తినేది ఎప్పుడూ తినబడేదానికంటే ఆలస్యంగానే వస్తుంది. తోట పెంచేవాళ్ళ ఓపిక తెగేది సరిగ్గా ఈ ఎడంలోనే. నాలుగో రోజునో అయిదో రోజునో ఏదో ఒకటి కొడతాం. పేనుబంకలో నూటికి తొంభై చచ్చాయనుకుందాం. మిగిలిన పది, ముడుచుకున్న ఆకుల లోపల దాక్కుని మళ్ళీ కనడం మొదలుపెడతాయి. అదే పిచికారీకి అక్షింతల పురుగు పిల్లలూ పోతాయి. బతికిన ఒకటీ అరా తిండి చాలక ఎగిరిపోతాయి. పది రోజులకు తీగ మళ్ళీ నల్లబడుతుంది, ఈసారి అడ్డు ఎవరూ ఉండరు. మందు పనిచేయలేదనుకుని ఇంకొంచెం ఘాటుగా కలుపుతాం.

ఈ లెక్క మొదట తేలింది తోటల్లో కాదు, సముద్రంలో. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఏడ్రియాటిక్ సముద్రంలో చేపల వేట బాగా తగ్గిపోయింది. ఉంబెర్తో దాంకోనా అనే ఇటలీ జీవశాస్త్రవేత్త త్రియెస్త్, వెనిస్, ఫియుమె రేవుల్లోని చేపల బజార్ల లెక్కలు తీసి చూశాడు. యుద్ధకాలంలో వలకు చిక్కినవాటిలో సొరల్లాంటి వేటాడే చేపల వాటా పెరిగింది, అవి తినే చేపల వాటా తగ్గింది. వేట తగ్గితే అన్నీ సమానంగా పెరగాలి కదా, ఇదేమిటని ఆయన గణితవేత్త వీతో వోల్తెరాను అడిగాడు. 1926లో వోల్తెరా సమీకరణాలు వేసి తేల్చింది ఇది: తినేదాన్నీ తినబడేదాన్నీ ఒకే దెబ్బతో కొంత కొంత చంపుతూ పోతే, సగటున నష్టపోయేది తినేదే, లాభపడేది తినబడేదే. వల స్థానంలో చేతి స్ప్రేయరును పెట్టి చూసుకోండి. స్ప్రేయరులో ఉన్నది ఫ్యాక్టరీలో తయారైందా, మన వంటింట్లో తయారైందా అన్నది ఆ సమీకరణానికి పట్టదు. రెండు పక్షాల్నీ చంపుతుందా లేదా అన్నదొక్కటే దానికి కావాలి. వేపనూనె, సబ్బునీళ్ళు తగిలిన మెత్తని ఒంటి పురుగు ఏదైనా దెబ్బతింటుంది. అది మనకు చుట్టమా కాదా అని అవి అడగవు.

కాగితం మీది లెక్క చేలో నిలుస్తుందా అనేవారికి కాలిఫోర్నియా నారింజ తోటల చరిత్ర ఉంది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిపడ్డ ఒక పొలుసు పురుగు 1880ల్లో అక్కడి తోటల్ని దాదాపు ముంచేసింది. దాని పుట్టింటి నుంచే వెడాలియా అనే అక్షింతల జాతి పురుగును 1888-89లో తెచ్చి వదిలితే, రెండేళ్ళు తిరగకుండానే పీడ విరగడైంది. సుమారు అర్ధశతాబ్దం హాయిగా గడిచింది. 1940ల చివర్లో అవే తోటల్లో డీడీటీ వాడకం మొదలయ్యేసరికి వెడాలియా చచ్చింది, పొలుసు పురుగు తిరిగొచ్చింది. ఇండోనేసియా వరి పొలాల్లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. ప్రభుత్వమే సబ్సిడీ ఇచ్చి పురుగుమందులు వాడించిన దేశమది. సుడిదోమను తినే సాలీళ్ళు, మిరిడ్ నల్లులు చచ్చిపోయి, సుడిదోమ మాత్రం కొట్టినకొద్దీ పెరిగింది. 1986లో అధ్యక్షుడి ఉత్తర్వుతో వరి మీద 57 రకాల మందుల్ని నిషేధించారు, తర్వాత సబ్సిడీ కూడా ఎత్తేశారు. దిగుబడి కుప్పకూలుతుందన్న జోస్యం ఫలించలేదు.

మనం అంత దూరం వెళ్ళాల్సిన పనీ లేదు. 1980ల్లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలల్లో సింథటిక్ పైరెథ్రాయిడ్ మందుల్ని విపరీతంగా కొట్టారు. అంతకుముందు పెద్దగా లెక్కలోకి రాని తెల్లదోమ విజృంభించింది. 1987-88లో అక్కడి పత్తి రైతుల ఆత్మహత్యల గురించి దేశం విన్నది ఆ నేపథ్యంలోనే. పదేళ్ళకు వరంగల్ వంతు వచ్చింది, పురుగు పేరు మారింది. ఆ దెబ్బల తర్వాతే పొలంబడులు ఊపందుకున్నాయి, పురుగుమందుల్లేని సేద్యం మీద ప్రయత్నాలు సాగాయి, 2000 దశకం మొదట్లో అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల మందులు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. మిత్రపురుగు, శత్రుపురుగు అన్న మాటలు పత్తి రైతు నోట పలికాయంటే ఆ బడుల చలవే. మళ్ళీ 2021లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు, విచక్షణ లేకుండా మందు మీద మందు కొట్టడం దాన్ని ఇంకా పెంచిందని కీటక శాస్త్రజ్ఞులు మొత్తుకున్నారు. చేలల్లో ఇంత ఖరీదు పెట్టి నేర్చుకున్న పాఠం మెట్లెక్కి మిద్దె మీదికి మాత్రం రాలేదు.

నిజానికి ఈ ఓపిక ఎవరైనా పట్టగలరంటే అది ఇంటి తోట మనుషులే. పత్తి రైతు నెత్తిన అప్పు ఉంటుంది. మిరప రైతుకు యార్డులో రంగు తగ్గితే ధర తెగుతుంది. కూరగాయల రైతు పుచ్చు వంకాయను సంతకు తీసుకెళ్ళలేడు. వాళ్ళ భయాన్ని తప్పుపట్టే హక్కు మనకు లేదు. మిద్దె మీద అలాంటి ఒత్తిడి ఏముంది? చిల్లిపడ్డ ఆకుతో వండినా తోటకూర పప్పు రుచి మారదు. బెండకు పేను పట్టి నాలుగు కాయలు తగ్గితే ఆ వారానికి బజారులో పావుకిలో తెచ్చుకుంటాం. వ్యవసాయ శాస్త్రంలో ‘ఆర్థిక నష్ట పరిమితి’ అని ఒక గీత ఉంది. పురుగు ఆ గీత దాటితేనే మందు, దాటనంతవరకూ చూస్తూ ఉండటమే. ఇంటి తోటలో ఆ గీత రైతు గీత కంటే ఎంతో పైన ఉండాలి. జరుగుతున్నది తలకిందులుగా ఉంది: బతుకును పణం పెట్టిన రైతుకంటే ముందుగా, సరదాకు పెంచేవాళ్ళం సీసా మూత తీస్తున్నాం.

ఓపిక పట్టాలంటే ఎవరెవరో తెలియాలి. ఎర్రటి డొప్ప మీద నల్ల చుక్కలో మెలికల గీతలో ఉండే అక్షింతల పురుగును చిన్నపిల్లలు కూడా పోల్చుకుంటారు. దాని పిల్ల మాత్రం తల్లి పోలిక ఒక్కటీ లేకుండా, నల్లగా పొడవుగా, ఒంటి మీద నారింజ మచ్చలతో, చూడగానే చీదర పుట్టేట్టు ఉంటుంది. పూర్తిగా పెరిగేలోపు అది కొన్ని వందల పేనుబంకల్ని తింటుంది. కొత్త పురుగేదో పట్టిందని నలిపేసేది దాన్నే. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ సంగతి మరీ విచిత్రం. 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చిన ఈ పురుగు పిల్ల, ఒంటినిండా తెల్లటి మైనపు పోగులు కప్పుకుని అచ్చం పిండినల్లిలాగే కనబడుతుంది. కొంచెం పెద్దది, చురుగ్గా నడుస్తుంది, అంతే తేడా. మందార కొమ్మ మీది పిండినల్లిని బ్రష్షుతో తోసేసేవాళ్ళు తినేదాన్నీ కలిపి తోసేస్తారు. పేనుబంక మధ్య కాళ్ళు లేకుండా, ఆకుపచ్చగా పాకేది సిర్ఫిడ్ ఈగ పిల్ల. సన్నటి పోగు చివర నిలబడ్డ తెల్లటి గుడ్లు అల్లిక రెక్కల పురుగువి, బూజనుకుని తుడిచేస్తారు. పేనుబంక గుంపులో కొన్ని ఉబ్బి, గోధుమరంగు తిరిగి, ఆకుకు అతుక్కుపోయి కదలకుండా ఉంటే, వాటి లోపల కంటికి ఆనీ ఆననంత చిన్న కందిరీగ జాతి పురుగు పెరుగుతోందని అర్థం. అలాంటి గుల్లలు ఉన్న ఆకును తెంపి పారేస్తే మందు కొట్టినంత నష్టం. కిటికీ మూలల్లో మట్టిగూళ్ళు కట్టే కందిరీగల్లో కొన్ని జాతులకు ఆ గూడు ఒక కొట్టుగది. ఆకుతినే పురుగుల్ని కుట్టి, కదలకుండా చేసి, పుట్టబోయే పిల్లకు తిండిగా అందులో దాచిపెడతాయి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు చీపురుతో రాలగొట్టేది ఆ కొట్టునే. అక్షింతల జాతిలోనూ ఒక దొంగ లేకపోలేదు: 28 చుక్కలుండి, నిగనిగ లేని డొప్పతో, వంగ, కాకర ఆకుల పచ్చదనాన్ని గీరి ఈనెలు మిగిల్చేది. దాని పసుపురంగు పిల్లకు ఒంటినిండా ముళ్ళుంటాయి. దాన్ని చేత్తో ఏరి పారేయడానికి ఏ సంకోచమూ అక్కర్లేదు.

పూల దగ్గర పనిచేసేవాటి సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. బీర, సొర, కాకర, దోస, పొట్ల, గుమ్మడి, వీటన్నిటిలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. పుప్పొడి ఎవరో ఒకరు మోసుకెళ్ళకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. ఎరువు చాలలేదని మనం సర్దిచెప్పుకుంటాం. బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, సొర, పొట్ల చీకటి పడే వేళకు. వాటి పని రాత్రి తిరిగే రెక్కల పురుగుల చేతిలో ఉంది. మిద్దె మీద తెల్లవార్లూ ఫ్లడ్‌లైటు వెలిగే ఇంట్లో అవి దీపం చుట్టూ తిరిగి సొమ్మసిల్లుతాయి. వంకాయది మరో తీరు. దాని పుప్పొడి తిత్తి చివరనున్న సన్నటి రంధ్రంలోంచే బయటికి రావాలి. పువ్వును కరచుకుని ఒళ్ళు ఝుమ్మనిపిస్తేనే బాగా రాలుతుంది. తేనెపట్టు తేనెటీగకు ఆ విద్య లేదు. ఎండుకొయ్యలో, వెదురులో తొలుచుకుని ఉండే నల్ల తుమ్మెదకు ఉంది, మట్టిలో గూడు చేసుకునే నీలిచారల ఒంటరి తేనెటీగకు ఉంది. పైగా ఈ జీవుల్ని మంచివి, చెడ్డవి అని రెండు వరసల్లో కూర్చోబెట్టడమూ కుదరదు. పొడవాటి తొండంతో లోతైన పూల తేనె అందుకునే హాక్ మాత్ జాతుల్లో కొన్ని, చేమ ఆకుల్ని బోడిచేసే లావుపాటి గొంగళ్ళకు తల్లులు. నిమ్మ, కరివేప ఆకుల మీద పిట్టరెట్టలా కనిపించే పురుగు కొన్నాళ్ళకు సీతాకోకచిలుక అవుతుంది. పిల్లగా ఉన్నప్పుడు చంపేసి, రెక్కలొచ్చాక తోటకు రమ్మని బంతిమొక్క నాటడం ఏం పద్ధతి? ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులతో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. అవి రసంతోపాటు మొక్కంతా పాకి పుప్పొడిలోకీ తేనెలోకీ చేరతాయి. తేనెటీగల కోసమే ఐరోపా సమాఖ్య 2018లో ఆరుబయట పంటల మీద ఇమిడాక్లోప్రిడ్‌ను ఆపేసింది. పిండినల్లికి పనిచేస్తుందని మనదగ్గర ఇంటి తోటలకూ సిఫారసు చేస్తున్నారు.

తిండి కోసం పురుగుల్ని వదిలినట్టే, పూల కోసం కొన్ని మొక్కల్ని ముదరనివ్వాలి. కొత్తిమీర పువ్వుకు రాగానే పీకేయడం మన అలవాటు. ఆ తెల్లటి గుత్తిపూలే సిర్ఫిడ్ ఈగలకు, పొట్టి నోరున్న చిన్న కందిరీగలకు అందే తేనె. ఒక కుండీ కొత్తిమీర, ఒక కుండీ ఆవ, ఒక తులసి పూర్తిగా పూయనివ్వండి. బంతిలో ముద్దబంతి కంటే తేనె అందుబాటులో ఉండే రేకబంతి వీటికి మేలు. అలసంద నాలుగు పాదులు పెట్టి వాటి మీది పేనుబంకను ముట్టుకోకుండా వదిలేయడం అన్నిటికంటే తెలివైన పని. ఆ జాతి పేను ఎక్కువగా పప్పుజాతి మొక్కల మీదే ఉంటుంది, బెండ జోలికి పెద్దగా పోదు. దాని మీద పెరిగిన అక్షింతల పురుగులు మాత్రం బెండకూ వస్తాయి. పత్తి చేలల్లో గట్ల మీద అలసంద వేయమని వ్యవసాయ శాఖ చెప్పేదీ ఇందుకే.

పెద్ద ప్రాణుల్లో తొండ, బల్లి, గోదురు కప్ప చేసే పనికి మనం ఇచ్చే జీతం చీదరింపు. పక్షులకు కాస్త మర్యాద దక్కుతోంది గానీ, వాటి గురించీ సగమే తెలుసు. పిచ్చుక గింజలు తింటుంది నిజమే, గూట్లోని పిల్లలకు పెట్టేది మాత్రం పురుగుల్నే. గింజలు తింటున్నాయని చైనా 1958లో పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించింది. ఊళ్ళకు ఊళ్ళు డప్పులు మోగించి, వాలనివ్వకుండా తరిమి చంపాయి. మిడతలూ ఇతర పురుగులూ పెచ్చుపెరిగాక 1960లో చంపాల్సిన నాలుగు పీడల జాబితా నుంచి పిచ్చుకను తీసి ఆ చోట నల్లిని పెట్టారు. ఆ రోజుల్లో అక్కడ వచ్చిన కరువుకు పిచ్చుకల హత్యే కారణమనడం అతిశయోక్తి, దానికి రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి. కానీ జాబితా మార్చుకోవాల్సి రావడం చిన్న సాక్ష్యం కాదు. మన పల్లెల్లో వసారా దూలానికి వరికంకుల కుచ్చు కట్టడం, చేలో పక్షులు వాలడానికి కర్రలు పాతడం ఉన్నవే. మిద్దె మీద ఒక ఎత్తైన కర్ర పాతితే చాలు, పసులపోలిగాడు అక్కడి నుంచే వేట మొదలుపెడుతుంది.

ఇక అభ్యంతరాలు. అన్నిటికంటే బలమైనది పాముది, దాన్ని నవ్వి కొట్టిపారేయడానికి వీల్లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అధ్యయనాల అంచనా, అంటే ఏడాదికి సగటున 58,000. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. అందుకే తోటలో దుంగల కుప్ప పెట్టండి, ఆకుల గుట్ట వదిలేయండి, ఒక మూల గడ్డిని పెరగనివ్వండి అనే ఇంగ్లండు తోట పుస్తకాల సలహాను ఇక్కడ గుడ్డిగా పాటించకూడదు. అక్కడ ఆ కుప్పలోకి హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జీవి వస్తుంది, ఇక్కడ కట్లపాము రావచ్చు. నేల మీద పెరడు ఉన్నవాళ్ళు ఇటుకలు, కట్టెలు, కొబ్బరి మట్టలు గోడవారన పేర్చకూడదు, గుమ్మం దగ్గర పొదలు ఉండకూడదు, రాత్రి టార్చి లేకుండా పాదుల్లోకి పోకూడదు. పాముల్ని పిలిచేవాటిలో ముఖ్యమైనది ఎలుక. ఎలుకను పిలిచేది బయట పడేసిన అన్నం, మూతలేని ధాన్యం. కొత్తిమీర పువ్వుకూ అలసంద పేనుకూ పాము రాదు. నేను చెబుతున్న ఆతిథ్యంలో ఎక్కువ భాగం ఈ చిన్న ప్రాణులదే, దానికి అడవిలా పెరిగిన పెరడు అక్కర్లేదు. దోమల సంగతీ ఇంతే. నిలవ నీళ్ళలో డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దాకా రావడానికి వారం పదిరోజులు చాలు. పక్షుల మూకుడును వారానికి రెండుసార్లు ఒంపి, అంచులకు అంటుకున్న గుడ్లు పోయేలా రుద్ది కడగలేనివాళ్ళు మూకుడు పెట్టకపోవడమే మంచిది.

కోతుల మంద టమాటాల్ని నేలపాలు చేసి, పందిరి విరిచి, పెంకులు లేపుతున్న ఊళ్ళలో ‘వన్యప్రాణులకు స్వాగతం’ అనే వ్యాసం చదివితే ఒళ్ళు మండటం సహజం. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో కోతుల వల్ల కూరపాదులు మానేసిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. దానికి నా దగ్గర మందు లేదు, ఈ వాదన ఆ సమస్యకు జవాబూ కాదు. వల కట్టాల్సినచోట కట్టుకోవాల్సిందే. ఎలుకకు బోను, పందికొక్కుకు ఇనుప జాలీ, చిలకలు కొట్టే జామకు గుడ్డసంచి, వీటిలో ఏదీ పురుగుల్ని తినేవాటికి హాని చేయదు. అడ్డు కట్టడం వేరు, విషం చల్లడం వేరు.

ముప్పై కుండీల మిద్దె మీద సమతుల్యం ఏమిటి, అదేమన్నా అడవా అనేది మూడో ప్రశ్న. చుట్టూ కాంక్రీటు, అయిదో అంతస్తు, అక్షింతల పురుగు ఎక్కడి నుంచి వస్తుంది? వాసన పట్టి వస్తుంది. పురుగు కొరికిన మొక్క మామూలు మొక్క వదలని వాసనలు గాలిలోకి వదులుతుందనీ, ఆ వాసనకు పురుగుల్ని తినేవి వెతుక్కుంటూ వస్తాయనీ 1980ల్లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు చిక్కుడు జాతి మొక్కలు, ఎర్రనల్లుల మీద పరిశోధించి చూపించారు. చిన్న తోటలో అవి రావడం ఆలస్యం కావచ్చు, ఒక్కోసారి రాకపోనూవచ్చు, అది ఒప్పుకోవాలి. ఆ మధ్యకాలానికి చేతులున్నాయి. పేనుబంకను పైపు నీళ్ళ ధారతో సగం రాల్చి సగం వదలండి. పేనుబంక, పిండినల్లి వదిలే తీపి రసం కోసం చీమలు వాటిని కాపలా కాసి అక్షింతల పురుగుల్ని తరుముతాయి కాబట్టి, పాదు మొదట్లో, కర్రల మీద చీమల బారును తెంపండి. కొన్ని పురుగులకు ఈ పద్ధతి పెద్దగా అక్కరకు రాదు. వంగ కొమ్మలోకి, కాయలోకి తొలుచుకుపోయిన పురుగును పిట్ట పట్టలేదు. వాడిన కొమ్మను పురుగుతో సహా తుంచి నాశనం చేయడమే దారి. కాకర, బీర కాయల్లో గుడ్లు పెట్టే పండు ఈగకు ఎరబుట్ట పెట్టాలి, రాలిన పిందెను ఏరాలి, లేత కాయకు కాగితం సంచి తొడగాలి. పరదేశం నుంచి కొత్తగా దిగిన పురుగుకైతే ఇక్కడ సరైన శత్రువే ఉండకపోవచ్చు. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి దక్షిణాదిని కుదిపేసిన బొప్పాయి పిండినల్లి అలాంటిదే. 2010లో ప్యూర్టో రికో నుంచి దాని సహజ శత్రువైన చిన్న కందిరీగ జాతిని తెచ్చి వదిలాకే అది అణిగింది. అది ప్రభుత్వ సంస్థల పని, మన పని కాదు. ఆ కందిరీగ మన తోటలోకి వచ్చినప్పుడు చంపకుండా ఉండటమే మన వంతు. వేపనూనె సీసాను బయట పారేయమని కూడా నేననడం లేదు. రెండు వారాలు చూసి, ఆకులు తిరగేసి, తినేది ఒక్కటీ కనబడకపోతే, పట్టిన కొమ్మ వరకే, తేనెటీగలు వెళ్ళిపోయాక సాయంత్రం పూట కొట్టండి.

ఇన్ని చెప్పినా మొదటి అడ్డంకి గుర్తుపట్టలేకపోవడమే, దానికి ఖర్చు తక్కువ. ఉద్యానశాఖ గానీ, నర్సరీ గానీ, విత్తనాల కొట్టు గానీ ప్రతి విత్తన పొట్లంతో ఇవ్వదగినది అరచేతిలో పట్టేంత ఒక కార్డు. ఒక వైపు అక్షింతల పురుగు గుడ్డు, పిల్ల, ముడుచుకున్న దశ, పెద్దది వరసగా. పక్కనే 28 చుక్కల దొంగ, తేడా తెలిసేట్టు. రెండో వైపు మైనపు పోగుల క్రిప్టోలీమస్ పిల్ల, సిర్ఫిడ్ ఈగ పిల్ల, పోగు చివరి గుడ్లు, గోధుమరంగు తిరిగిన పేను గుల్ల, కందిరీగ మట్టిగూడు. బొమ్మలు నిజమైన పరిమాణంలో ఒకసారి, పదింతలు పెంచి ఒకసారి. అడుగున తెలుగులో, కళ్ళజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో రెండే ముక్కలు: కొట్టే ముందు ఆకు తిరగేయండి, 28 చుక్కల దొంగ తప్ప వీటిలో ఏది కనబడినా పది రోజులు ఆగండి.